దయచేసి అందంగా చెయ్యకండి

నవంబరు 3

అత్తా,

నీ ఉత్తరం అందింది. అందులో సగం నా ఆరోగ్యం గురించి, సగం నా ఉద్యోగం గురించి. మొదటిది బాగానే ఉంది. రెండోదాన్ని గురించి నాన్నకి ‘డిజైన్లు వేసే పని’ అని చెప్పావట. చాలా సంతోషం, అలాగే ఉంచు. అసలు సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను. చదివాక కుట్టుమిషను సొరుగులో అట్టడుగున పడెయ్.

మా కంపెనీ చేత్తో చేసిన బహుమతులు అమ్ముతుంది. వాటిని యంత్రాలు చేస్తాయి. చెక్క పెట్టెలు, ఊలు మఫ్లర్లు, మట్టి కప్పులు, అన్నీ కవలపిల్లల్లా నున్నగా తయారై మా గదిలోకి వస్తాయి. మేము పదకొండుమందిమి పొడుగాటి బల్లకి అటూ ఇటూ కూర్చుని వాటికి తప్పులు పెడతాం. పెట్టె మూలని గరుకు కాగితంతో కొంచెం అరగదీయాలి. మఫ్లరులో ఒక వరస వదులు చెయ్యాలి. కప్పు మీద రంగు బొట్టు కారినట్టు వదిలెయ్యాలి. మనిషి చేశాడని నమ్మాలంటే ఎక్కడో చెయ్యి జారి ఉండాలి కదా. మా పైన ఒకావిడ ఉంది, స్కేలక్కయ్య అంటాం. ఆవిడ తప్పుల్ని కూడా కొలుస్తుంది. నిన్న నేను అరగదీసిన మూలని వెలుగులో పెట్టి చూసి, ‘‘ఇది చెయ్యి జారినట్టు లేదు, పగబట్టినట్టుంది’’ అంది. నాకు డిగ్రీలో ఫస్టు క్లాసు వచ్చిందని నీకు గుర్తుందనుకుంటాను.

అది కాక కార్డులు రాస్తాను. ప్రతి పార్సిల్లోనూ ఒక కార్డు ఉంటుంది. కొన్నవాళ్ళు ఆర్డరు ఫారంలో ఏం రాసి పంపితే ఆ మాటల్ని మేం సిరాతో కార్డు మీదికి ఎక్కిస్తాం. దాంట్లో కూడా ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాయాలని రూలు. నీ దగ్గర పన్నెండేళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్న దస్తూరీ ఇలా అన్నం పెడుతోంది.

ఇవాళ పార్సిళ్ళలో కుక్కడానికి దూది మూటలు వచ్చాయి. వాటిని చూడగానే మన క్రిస్మస్ బల్ల గుర్తొచ్చింది. నువ్వు పొయ్యి మీద పిండి జిగురు ఉడకబెట్టేదానివి. బాబాయి గడియారాల పనిముట్లతో అట్టని కోసేవాడు, అంచు చూస్తే అద్దంలా ఉండేది. నాన్న లెక్కల మాస్టారు కదా, నక్షత్రానికి అయిదు కోణాలూ కొలిచి గీసేవాడు. తీరా చేశాక అది ఒక పక్కకి ఒరిగి, పంటినొప్పి వచ్చినవాళ్ళలా కనిపించేది. మంచు కోసం నేను నీ దిండు కోసేదాన్ని. దేవదూత రెక్కల కోసం ఎవరిదో పెళ్ళి గౌను అంచు కత్తిరిస్తే, ఇప్పుడంతా పొట్టివే వేసుకుంటున్నారని ఆ పెళ్ళికూతుర్ని నువ్వు నమ్మించావు. నాకు కత్తెర అన్న పేరు ఆ రోజే పెట్టావు.

మన ఇంటి రూలు ఇంకా గుర్తుందా? ఎవరు ఏది చేసిచ్చినా సరే, మళ్ళీ క్రిస్మస్ దాకా అందరి ముందూ వాడి తీరాలి. నేను కర్టెను గుడ్డతో కుట్టిన టై నాన్న ఏడాదంతా స్కూలుకి కట్టుకెళ్ళాడు. పిల్లలు కిటికీ అని పిలిచినా విప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆరేళ్ళుగా నువ్వు క్రిస్మస్ రోజున మధ్యాహ్నం నాన్న దగ్గర, సాయంత్రం బాబాయి దగ్గర రెండు విందులు తింటున్నావు. ఒకరి పేరు ఇంకొకరి ముందు ఎత్తకుండా రెండు పూటలూ నమలడం నీ వయసుకి మంచిది కాదు. వాళ్ళిద్దరూ విడిపోయింది నా వల్ల. నాన్నకి చెప్పకుండా బాబాయి నా కాలేజీ ఫారం నింపకపోతే నేను ఊరు దాటేదాన్ని కాదు, వాళ్ళకి మాటలు పోయేవి కావు. అందుకే నేను పండక్కి రావడం మానేశాను. కలపడం కూడా నేనే చెయ్యాలి.

మళ్ళీ చీటీలు వెయ్యి. ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్ళకి చేత్తో చేసి ఇవ్వాలి. నాన్న తీసే డబ్బాలో నాలుగు చీటీల మీదా బాబాయి పేరే రాయి. బాబాయి తీసే డబ్బాలో నాన్న పేరు. పాపమైతే నా ఖాతాలో వేసుకో.

నీ
కత్తెర


నవంబరు 12

కత్తెరా,

పాపం నాది నేనే మోసుకుంటాలే. గుండుసూదుల డబ్బా ఖాళీ చేసి నువ్వు చెప్పినట్టే చేశాను.

మీ నాన్న చీటీ తీశాడు, చూశాడు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా మిషను దగ్గరి స్టూలు కాళ్ళు సమంగా లేవని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. మీ బాబాయి చూసి నవ్వాడు. ఇంకోసారి తీస్తానన్నాడు. తియ్యమన్నాను. మళ్ళీ అదే పేరు. వాడు నా ముఖం వంక అదో మాదిరిగా చూశాడు గానీ, వాడు అందరి ముఖాలూ అలాగే చూస్తాడు, లోపల ఏ చక్రం అరిగిపోయిందా అని.

తప్పులు పెట్టడానికి మనిషిని పెట్టుకోవడం నేనెక్కడా వినలేదు. ఇక్కడ నేను తప్పు లేకుండా కుట్టినా చంక దగ్గర బిగువైందని వచ్చి కూర్చుంటారు. మీ స్కేలక్కయ్యని ఒకసారి నా దగ్గరికి పంపు, కొలతలు తీయడానికి పనికొస్తుంది.

నీ వల్ల విడిపోయారని రాశావు. అదంతా నువ్వు ఎక్కడ పుట్టించావో నాకు తెలీదు. అసలు జరిగింది ఏమిటంటే, అదిగో వచ్చింది గౌనావిడ. చంక దగ్గర బిగువట. తర్వాత రాస్తాను.

మీ అత్త


నవంబరు 24

అత్తా,

గౌనావిడ చంక బాగుపడిందని ఆశిస్తాను. ‘అసలు జరిగింది ఏమిటంటే’ అని ఆపేశావు. నువ్వు ఆపేయడం నాకు అర్థమైంది. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక గౌనావిడని అడ్డం పెట్టుకున్నావు. నిజం చెప్పాలంటే ఆరేళ్ళుగా తెలిసిందే కదా, ఇప్పుడు కొత్తగా ఏడవను.

కానీ కొత్త విషయం ఒకటి జరిగింది. మొన్న పొద్దున ఆర్డరు ఫారాలు పంచుతుంటే నా వాటాలో ఒకటి వచ్చింది. దాని మీది చేతిరాత చూసి నేను కూర్చున్న కుర్చీ నా కింద ఉందో లేదో తడుముకున్నాను. నాన్నది. చెక్క పెట్టె కావాలట, తన ఇంటికే పంపాలట. మా ఫారంలో ‘తప్పులు ఎన్ని ఉండాలి’ అని ఒక ప్రశ్న ఉంటుంది. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు గడులు. నాన్న ‘ఎక్కువ’ దగ్గర టిక్కు పెట్టి, చాలదన్నట్టు కింద గీత కూడా గీశాడు. మా నాన్న, అత్తా. పరీక్షలో చూసి రాసినవాణ్ణి గది బయట నిలబెట్టే మనిషి. పక్క బల్ల దగ్గర కాపీ కొడుతున్నాడు.

ఆయన ఈ కంపెనీని ఎంచుకోవడానికి కారణం నేను కాదు. ఏదో పేపర్లో ప్రకటన చూసుంటాడు. ఆయన దృష్టిలో నేను ఎక్కడో పెద్ద గదిలో డిజైన్లు వేస్తున్నాను కదా.

కార్డు మీద రాయాల్సిన మాటలు ఇవి: ‘తమ్ముడూ, ఇది పెన్నులు పెట్టుకునే పెట్టె. తలుపుకి కాదు. నేనే చేశాను.’

చివరి వాక్యం అబద్ధమని తెలుసు. మధ్య వాక్యమే నన్ను మూడు రోజులుగా తినేస్తోంది. తలుపుకి కాదు అంటే ఏమిటి? నేను వెళ్ళిపోయిన రోజు బాబాయి తలుపు తీసి పట్టుకున్నాడు, నేను పెట్టెతో బయటికి నడిచాను, నాన్న లోపలి గదిలోంచి రాలేదు. ఆ తలుపేనా? ఇంకెప్పుడూ నా కూతురికి తలుపు తియ్యకు అని తమ్ముడికి చెబుతున్నాడా? మా గదిలో నా పక్కన కూర్చునే మఫ్లర్ల అమ్మాయికి ఈ వాక్యం చూపిస్తే, ఎవరో కవి అయ్యుంటాడంది.

కార్డు నేను రాయాలి. నా దస్తూరీ నాన్న పోల్చుకుంటాడు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

కత్తెర


డిసెంబరు 1

కత్తెరా,

నీ ఉత్తరం చదివి మిషను మీద తల పెట్టుకుని నవ్వాను. సూది గుచ్చుకుంది. ఇంత చదువు చదివించాం నిన్ను, ఒక్క వాక్యం అర్థం చేసుకోలేకపోయావు.

తలుపు అంటే తలుపే. మీ బాబాయి కొట్టు తలుపు.

ఆరేళ్ళ కిందటి క్రిస్మస్‌కి మీ నాన్నకి చీటీలో వాడి పేరు వచ్చింది. రెండు నెలలు పెరట్లో కూర్చుని ఒక చెక్క ముక్కని చెక్కాడు. గడియారాలు చూసే భూతద్దాన్ని నిలబెట్టుకునేందుకు స్టాండట. చెక్కి, పాలిష్ పెట్టి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మీ బాబాయి విప్పి చూశాడు. ఏమిటిది అని అడిగితే అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని అడగలేదు. చాలా బాగుందన్నాడు. నన్ను పక్కకి పిలిచి అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు? ఒక పక్క ఏటవాలుగా ఉంది, అడుగు బల్లపరుపుగా ఉంది, బరువుగా ఉంది. తలుపు కొట్టుకోకుండా పెట్టేదేమో అన్నాను.

రూలు రూలే కదా. వాడు దాన్ని రోజూ పొద్దున కొట్టు తెరవగానే భక్తిగా తలుపు కింద పెట్టేవాడు. వారం తర్వాత, నువ్వు కాలేజీకి బయల్దేరిన మర్నాడే, మీ నాన్న చూడ్డానికి వెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే కాలి వేలికి తగిలింది. వంగి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాడు. అంతే, ఆ రోజు నించీ మాట లేదు. ఎందుకో వీడికి తెలీదు, అడగడానికి వీడికి పౌరుషం. అది తలుపుదని చెప్పింది నేనేనని వాళ్ళిద్దరిలో ఎవరికీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు విందులూ తిన్నది అందుకే. శిక్ష అనుకున్నాను.

నీ కాలేజీ ఫారం సంగతి మీ నాన్నకి ఆ వేళే తెలుసు. బాబాయి నింపిన కవరు మీద చిరునామా వంకరగా ఉందని వంక పెట్టి, కొత్త కవరు తెచ్చి మళ్ళీ రాసి, స్వయంగా పోస్టులో వేసింది మీ నాన్నే. నువ్వు బయల్దేరిన రోజు లోపలి గదిలోంచి ఎందుకు రాలేదంటే, మగాడు ఏడుస్తూ గుమ్మంలోకి ఎలా వస్తాడు.

కార్డు వేరే ఎవరిచేతనైనా రాయించు. ఆ మఫ్లర్ల అమ్మాయి చేత రాయించు. నీ చేత్తో మాత్రం రాయకు. దొరికిపోయానని తెలిస్తే వాడు ఇంకో ఆరేళ్ళు తలెత్తడు.

మీ అత్త


డిసెంబరు 9

అత్తా,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు, అవమానంగా ఉంది. ఆరేళ్ళుగా ఒక కుటుంబం రెండు ముక్కలు కావడానికి కారణం నేనే అని హాస్టలు గదుల్లో కుమిలిపోయాను. మూడు ఉద్యోగాలు మారాను, ప్రతిసారీ మనసు నిలవడం లేదని, అందుకు కారణం ఆ బరువేనని ఎదుటివాళ్ళకి చెప్పుకున్నాను. కొందరు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ స్థానం ఒక చెక్క ముక్కది. నన్ను ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. పైగా నాన్నే కవరు పోస్టు చేశాడట. ఇప్పుడు నేను దేని గురించి బాధపడను, చెప్పు.

అది పక్కన పెట్టు. మంగళవారం రెండో ఫారం వచ్చింది. నువ్వు ఊహించలేవు. బాబాయిది.

మఫ్లరు కావాలట. తప్పులు ‘ఎక్కువ’. అదే గడి, అదే టిక్కు. ఒక్క తల్లి పిల్లలు కదా. కానీ కింద ప్రత్యేక సూచనలు అన్న చోట ఇలా రాశాడు: ‘దయచేసి అందంగా చెయ్యకండి. మా అన్నయ్యకి ఇవ్వాలి. నేను ఏం చేసినా కుదురుగా వచ్చేస్తోంది, పక్కన పెడితే ఆయనది చిన్నబోతుంది. మీరైతే వంకరగా చేయగలరని ఇస్తున్నాను.’

స్కేలక్కయ్య ఇది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇరవై ఏళ్ళలో మమ్మల్ని ఇంత బాగా అర్థం చేసుకున్న కొనుగోలుదారు లేడంది. మఫ్లరు పనిని మాత్రం నాకివ్వలేదు, పగబట్టినట్టు చేస్తానని.

ఇంక కార్డులు. నీ ఉత్తరం వేళకే వచ్చింది. మఫ్లర్ల అమ్మాయి సిద్ధంగానే ఉంది, చెయ్యి కూడా చాచింది. నేను ఇవ్వలేదు. రెండు కార్డులూ నేనే రాశాను. నా దస్తూరీతోనే, ఏదీ మార్చకుండా. రూలు ప్రకారం కొట్టేయాల్సిన అక్షరం కూడా కొట్టెయ్యలేదు. బాబాయి కార్డు మీద ‘అన్నయ్యా, నేనే అల్లాను’ అని ఉంది. నాన్న కార్డు సంగతి నీకు తెలుసు. ఇద్దరి ఫారాల నకళ్ళూ ఎవరివి వాళ్ళ పార్సిల్లో పెట్టాను. అది మామూలుగా చేసేదే.

ఎందుకు రాశానని అడుగుతావు. ఏడాదిగా ఈ గదిలో నేను చేసిందంతా దొంగ పని. ఆ రెండు కార్డులూ నిజంగా నా చేత్తో చేశాను. పార్సిళ్ళు ఇవాళ వెళ్ళిపోయాయి, ఇంక వెనక్కి రావు.

నేను ఇరవై మూడో తారీఖు సాయంత్రానికి ఖాళీ. అయినా రాను. నాన్న ఆ కార్డు చూడగానే నేను ఎక్కడ కూర్చుని ఏం చేస్తున్నానో తెలిసిపోతుంది. డిజైన్లు వేసే కూతురు గరుకు కాగితంతో పెట్టెలు గోకుతోందని. ఆ ముఖం ముందు కూర్చుని భోజనం చెయ్యడం నా వల్ల కాదు. ఇంతకు ముందు రాకపోవడానికి కారణం దొంగదని తేలిపోయింది కాబట్టి, ఇది అసలుదనుకో.

కత్తెర


డిసెంబరు 17

కత్తెరా,

చెప్పిన మాట వినవు. చిన్నప్పుడూ వినలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, గౌనావిడని ఇవాళ రావద్దన్నాను.

పార్సిళ్ళు రెండూ శనివారం పొద్దునే వచ్చాయి. ఒకే మనిషి, ఒకే సంచిలోంచి తీసి ఇచ్చాడు. మీ నాన్న గేటు దగ్గరే విప్పాడట. కార్డు చూశాడు. చెప్పుల్లేకుండా పార్సిలు చంకలో పెట్టుకుని కొట్టు వైపు బయల్దేరాడు. నువ్వు తమ్ముడికి చెప్పేలోగా తనే చెప్పేసుకోవాలని. అక్కడ మీ బాబాయి కూడా విప్పి, కొట్టు సగం మూసి, మీ ఇంటి వైపు బయల్దేరాడు, అదే కారణానికి. ఇద్దరూ మంగలి కొట్టు ముందు ఎదురుపడ్డారు. ఇదంతా మంగలి చెప్పాడు, సగం గడ్డం గీసిన మనిషిని వదిలేసి గుమ్మంలో నిలబడి చూశాడట.

ముందు మీ నాన్నే నోరు తెరిచాడు. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట ఏమిటో తెలుసా?

‘‘నీకూ రాసిందా?’’

‘‘రాసింది’’ అన్నాడు మీ బాబాయి.

తర్వాత పార్సిళ్ళు మార్చుకున్నారు. మఫ్లరు పొట్లంలో వాడి ఫారం నకలు ఉంది కదా. మీ నాన్న దాన్ని మంగలి బెంచీ మీద కూర్చుని చదివాడు. మూడుసార్లు చదివాడని మంగలి అన్నాడు.

‘‘నాకు వంకరగా చెయ్యడం రాదన్నయ్యా. రెండు చేసి చూశాను, కుదర్లేదు’’ అన్నాడట వీడు.

అప్పుడు మీ నాన్న అడిగాడట, ఆ చెక్క ముక్క ఏమిటో నీకు నిజంగా తెలీలేదా అని. ఇప్పటికీ తెలీదు అన్నాడట వీడు. భూతద్దానికి స్టాండురా అని చెబితే, వీడు కాసేపు ఆలోచించి, దాంట్లో భూతద్దం ఏ వైపు నించి పెట్టాలి అని అడిగాడట. మంగలి లోపలికి వెళ్ళిపోయాడు, నవ్వు ఆపుకోలేక.

అక్కడితో అయిపోతే బాగుండేది. మరి తలుపుదని నీకెవరు చెప్పారు అన్న ప్రశ్న వచ్చింది. అక్క అన్నాడు వీడు. తర్వాత చీటీల సంగతి. నేను రెండుసార్లు తీసినా నీ పేరే వచ్చింది అని వీడనగానే, లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇద్దరూ తిన్నగా నా దగ్గరికి వచ్చారు. నేను గుండుసూదుల డబ్బాలోంచి చీటీలు తీసి పారెయ్యలేదు, బుద్ధి తక్కువై. మీ నాన్న మిగిలిన చీటీలన్నీ విప్పి నా కటింగు బల్ల మీద వరసగా పరిచాడు, బోర్డు మీద తప్పు లెక్క చూపించినట్టు. ఇద్దరూ నా వంక చూశారు.

ఇకమీదట నాతో మాట్లాడరట. కలిసి నిర్ణయించుకున్నారు. ఆ మాట చెప్పడానికి కూర్చున్నారు. చెప్పడానికి వాళ్ళకి రెండు గంటలు పట్టింది. మధ్యలో టీ అడిగారు, మళ్ళీ అడిగారు. స్టూలు కాళ్ళు సమం చేశారు. ఒకడు కొలిచాడు, ఒకడు కోశాడు. నేను పక్కన ఒక మాట అంటే, మేం నీతో మాట్లాడటం లేదు అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అది అయ్యాక మళ్ళీ వాళ్ళలో వాళ్ళే. ఆరేళ్ళ మాటలు కదా, సందు దొరకలేదు నాకు.

పండక్కి విందు నా ఇంట్లోనేనట. ఇద్దరూ వస్తారట. వండాల్సింది నేనట. నాతో మాత్రం మాట్లాడరట.

నీ ఉద్యోగం సంగతి కూడా వచ్చింది. డిజైన్లన్నావుగా అక్కా అన్నాడు మీ నాన్న. నేను మాట్లాడలేదు, మాట్లాడకూడదని వాళ్ళే అన్నారుగా. కార్డు తీసి ఇంకోసారి చూసుకున్నాడు. ఒక్క కొట్టివేత లేదు అన్నాడు, పేపర్లు దిద్దేటప్పుడు అనే గొంతుతో. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాక్ష్యం కోసమట.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. నీతో కూడా మాట్లాడడట, అన్నిటికీ మూలం నువ్వేనట. ఆ మాట ఉత్తరంలో రాస్తే కుదరదు, ఎదురుగా నిలబెట్టి చెప్పాలి అన్నాడు. నువ్వు ఏ బండికి దిగుతావో కనుక్కోమన్నాడు.

మీ అత్త